ఉప్పుగాలి ఊరిలో కారు ఇంజిన్ కూలింగ్ వ్యవస్థ సంరక్షణ: విశాఖ వాహనదారులకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో తిరిగే కారు రేడియేటర్‌కు రెండు వైపుల నుంచీ ముప్పు ఉంటుంది. బయటి నుంచి సముద్రపు ఉప్పుగాలి దాని సన్నని అల్యూమినియం రెక్కలను కొద్దికొద్దిగా కొరికేస్తుంది. లోపలి నుంచి మనం అలవాటుగా పోసే కుళాయి నీళ్లు, బోరు నీళ్లు దాని గొట్టాలను పూడ్చివేస్తాయి. రెంటచింతల, విజయవాడల స్థాయి ఎండ ఇక్కడ ఉండదు కనుక ఇంజిన్ వేడెక్కడం మన ఊరి సమస్య కాదనుకునేవారు చాలామంది ఉన్నారు. అయితే సాయంత్రం వేళ ఎన్‌ఏడీ కూడలి దగ్గర అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో, ఆ ఉక్కపోతకు ఏసీ ఆపకుండా నడుస్తున్నప్పుడు, రేడియేటర్ మీద పడే భారం తక్కువేమీ కాదు. సెలవు రోజున అదే కారు నలుగురిని, వారి సామానునూ ఎక్కించుకుని అరకు ఘాట్ ఎక్కుతుంది.

కొన్నేళ్ల క్రితం అనంతగిరి మలుపుల్లో మా కారు బానెట్ కింద నుంచి ఆవిరి ఎగజిమ్మినప్పుడు నాకు ఈ విషయాల్లో ఏ ఒక్కటీ తెలియదు. కూలెంట్ (ఇంజిన్ వేడిని మోసుకుపోయే, నీళ్లతో కలిపి వాడే ద్రవం) ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లు పోస్తూ వచ్చాను. మట్టం ఎందుకు తగ్గుతోందని ఒక్కసారైనా ఆలోచించలేదు. చివరికి ఇంజిన్‌కు పైకప్పులా ఉండే సిలిండర్ హెడ్ వంగిపోయి, దాన్ని విప్పి చదును చేయించి, దాని కింద లీకు కాకుండా ఆపే పలుచని పొర అయిన గ్యాస్కెట్‌ను మార్పించవలసి వచ్చింది. ఆ ఖర్చులో చిన్న వంతుతో పదేళ్లకు సరిపడా కూలెంట్ కొనుక్కోవచ్చు. అప్పటి నుంచి నా కారుకు నేనే చేసుకుంటూ వస్తున్న పనులను, వాటి వెనుక ఉన్న కారణాలతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు తెలియవలసినది

సిలిండర్ లోపల ఇంధనం మండే క్షణంలో వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంజిన్‌లోని అల్యూమినియం కరగడానికి 660 డిగ్రీలు చాలు. ఇంధనం ఇచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతు ఈ లోహపు గోడల ద్వారా కూలెంట్‌లోకి దిగుతుంది. వాటర్ పంపు ఆ కూలెంట్‌ను ఇంజిన్ గుండా తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది, అక్కడ గాలికి వేడి విడిచిన కూలెంట్ మళ్లీ ఇంజిన్‌కు చేరుతుంది. దారిలో కాపలాదారులా థర్మోస్టాట్ ఉంటుంది. దాని లోపలి మైనం ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు గట్టిగా ఉండి రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. ఇంజిన్ అతి చల్లగా నడవడం కూడా మంచిది కాదు కనుక ఈ ఏర్పాటు అవసరం. అందుకే 'థర్మోస్టాట్ తీసేస్తే ఇక వేడెక్కదు' అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. థర్మోస్టాట్ లేని ఇంజిన్ వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పైగా అసలు లోపం అలాగే దాగి ఉంటుంది.

అందరూ చిన్నచూపు చూసే భాగం రేడియేటర్ మూత. అది డబ్బా మూత లాంటిది కాదు, స్ప్రింగుతో పనిచేసే పీడన కవాటం. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. వ్యవస్థలో పీడనం బయటి గాలి కంటే ఆ మేరకు పెరిగేదాకా మూత తెరుచుకోదని దాని అర్థం. పీడనం పెరిగితే మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. సగం కూలెంట్, సగం నీరు కలిసిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మంచి మూత బిగించి ఉన్న వ్యవస్థలో అదే మిశ్రమం 125 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. మూతలోని రబ్బరు ఎండి పగిలితే ఆ రక్షణ అంతా పోతుంది. సముద్ర మట్టాన 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కేవలం నీళ్లు, పాడైన మూత, ఘాట్ ఎక్కే భారం ఒకేచోట కలిస్తే ఏమవుతుందో నేను అనంతగిరిలో చూశాను.

కొత్త కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద మూత ఉండదు. వేడికి పొంగిన కూలెంట్‌కు చోటిచ్చే ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీది మూతే పీడన మూతగా పనిచేస్తుంది. మీ కారు ఏ రకమో యజమాని పుస్తకంలో చూసి తెలుసుకోండి.

దాటకూడని హద్దులు

ఇంజిన్ వేడిగా ఉండగా మూతను ముట్టుకోవద్దు. పీడనం కింద నూరు డిగ్రీలు దాటి ఉన్న ద్రవం, మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. మూతపై గుడ్డ వేసి తిప్పుతామని కొందరు అంటారు, ఆ గుడ్డ ఆపేది ఏమీ ఉండదు. రేడియేటర్ పైగొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగాలి, అందుకు కనీసం గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తాళం తీసేసినా కొన్ని కార్లలో రేడియేటర్‌కు గాలి అందించే విద్యుత్ ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు కనుక వేళ్లు, చీర కొంగు, వదులు చొక్కా చేతులు దాని దగ్గరికి పోనివ్వకండి.

కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. అది తియ్యగా ఉంటుంది కనుక కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్ది మోతాదే వాటి మూత్రపిండాలను పాడుచేసి చంపుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఒలికిన కూలెంట్‌ను వెంటనే కడిగి తుడవండి. మిగిలినదాన్ని మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోసి ఉంచకండి.

నెలకోసారి, ఉదయం చల్లని ఇంజిన్ మీద

ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. కారు చదునైన నేల మీద, రాత్రంతా ఆగి ఉండాలి. ముందుగా ప్లాస్టిక్ ట్యాంకు మీద ఉన్న కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య మట్టం ఎక్కడుందో చూడండి. వేడి మీద మట్టం పెరిగి కనిపిస్తుంది కనుక ప్రతిసారీ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. రేడియేటర్‌కు వేరుగా మూత ఉన్న కార్లలో నెలకోసారి ఆ మూత కూడా తీసి చూడటం అవసరం. మూతకూ ట్యాంకుకూ మధ్యనున్న సన్న గొట్టం పగిలినా, మూతలోని చిన్న కవాటం పనిచేయకపోయినా, ట్యాంకు నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీ అయిపోతుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది. ఇది మూసి ఉన్న వ్యవస్థ. ఆరోగ్యంగా ఉన్న కారులో నెల నెలా కూలెంట్ తగ్గడానికి కారణమే లేదు. ఏడాదిలో వేలెడు తగ్గితే పట్టించుకోనవసరం లేదు గానీ, రెండు నెలల్లో రెండుసార్లు పోయవలసి వచ్చిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకును వెతకాలి తప్ప పోస్తూ పోకూడదు. పాత అంబాసిడర్ కాలంలో డిక్కీలో నీళ్ల డబ్బా పెట్టుకుని దారిలో పోసుకుంటూ వెళ్లేవారు. ఆ ఇంజిన్ పోత ఇనుముతో చేసినది, కొంత మొరటుతనాన్ని భరించేది. నేటి అల్యూమినియం హెడ్లు ఒక్కసారి అతిగా వేడెక్కితే వంగిపోతాయి. పెద్దల నుంచి వచ్చిన ఆ నీళ్ల డబ్బా అలవాటును ఈ కార్ల విషయంలో మానుకోవాలి.

తరువాత రంగు చూడండి. కొత్త కూలెంట్ ఆకుపచ్చో, ఎరుపో, నీలమో, గులాబీయో ఏదైనా కావచ్చు గానీ తేటగా ఉండాలి. ఇటుక పొడి కలిపినట్టు గోధుమ రంగులోకి మారితే లోపల తుప్పు మొదలైందని అర్థం. పైన నూనె తెట్టు, లేదా పాలు కలిపిన కాఫీ లాంటి చిక్కటి గసి కనిపిస్తే కారును నడపకుండా మెకానిక్‌కు చూపించాలి, అది హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తు కావచ్చు. ఇంజిన్ ఆయిల్ కర్రను కూడా తీసి చూడండి, ఆయిల్ తెల్లబారి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

గొట్టాలను చేత్తో నొక్కి చూడాలి. మంచి హోస్ పైపు నొక్కితే అణిగి, వదిలితే తిరిగి వస్తుంది. గట్టిపడి కరకరలాడినా, మెత్తబడి జావలా అయినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చవలసిందే. విశాఖలో క్లిప్పులే ముందుగా దెబ్బతింటాయి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎండాడ వైపు బయట నిలిపే కార్లలో మామూలు ఇనుప క్లిప్పులు ఎర్రగా తుప్పు పట్టి పట్టు వదిలేస్తాయి. మార్చేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు అడిగి వేయించుకోండి, ధరలో తేడా చాలా స్వల్పం. క్లిప్పుల చుట్టూ, రేడియేటర్ అంచున, వాటర్ పంపు కింద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే అక్కడ కూలెంట్ చెమ్మగిల్లి ఆరిపోతోందన్నమాట. చుక్క కింద పడకముందే లీకును పట్టించే గుర్తు అదే.

చివరగా కారు కింద నేల చూడండి. మన ఊరి తేమకు ఏసీ వేసుకుని వచ్చిన కారు కింద నీళ్లు ధారగా కారడం మామూలే, దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. ఏసీ నీరు రంగూ వాసనా జిగటా లేకుండా ఉంటుంది, కాసేపట్లో మచ్చ లేకుండా ఆరిపోతుంది. కూలెంట్‌కు రంగు ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. తెల్ల కాగితం ఒకటి కింద పరిచి ఉదయాన్నే చూస్తే ఏ చుక్క ఎక్కడిదో తెలిసిపోతుంది. కారు లోపల అదే తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారుతుంటే డాష్‌బోర్డు వెనుకనున్న హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో కారు లోపలికి వేడి గాలినిచ్చే భాగం) లీకవుతోందని అనుమానించాలి.

ఏ నీళ్లు, ఏ కూలెంట్

మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకని చాలామంది అడుగుతారు. లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామును చూసినవారు ఆ ప్రశ్న అడగకపోవచ్చు గానీ, గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అది మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, వాటర్ పంపు సీలుకు జారుడు ఇస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా అల్యూమినియం, ఇనుము, టంకం వంటి వేర్వేరు లోహాలు తుప్పు పట్టకుండా వాటి మీద రక్షణ పొర నిలుపుతుంది. ఈ తుప్పు నిరోధకాలు కాలంతోపాటు ఖర్చయిపోతాయి. రంగు మారకపోయినా గడువు దాటిన కూలెంట్‌ను మార్చమనడానికి కారణం ఇదే.

అలాగని నీళ్లు కలపకుండా ముడి కూలెంట్‌ను నింపడమూ తప్పే. వేడిని మోయడంలో నీటికి సాటి లేదు. సగానికి సగం మిశ్రమమే నీటి కంటే సుమారు ఐదో వంతు తక్కువ వేడిని మోస్తుంది, ముడి గ్లైకాల్ అంతకంటే చాలా తక్కువ. మన వాతావరణానికి సగం సగం పాలు సరిగ్గా సరిపోతాయి. కలపడం పొరపాటవుతుందని భయమైతే ముందే కలిపి అమ్మే డబ్బా కొనండి, దాంట్లో ఇక నీళ్లు కలపకూడదు.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ పడకండి. తీరానికి దగ్గరి ప్రాంతాల్లో చాలా బోర్ల నీళ్లలో ఉప్పదనం ఉంటుంది. అందులోని క్లోరైడ్లు అల్యూమినియం మీద సూది మొనంత గుంతలు పెడతాయి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పాలగిన్నె అడుగున పట్టినట్టు గొట్టాల లోపల తెల్లటి పెచ్చు కడతాయి, ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. జపాన్, కొరియా కంపెనీల కార్లకు సూచించే కూలెంట్లలో సాధారణంగా ఫాస్ఫేట్లు ఉంటాయి. అవి కఠిన జలంతో కలిస్తే ఈ పెచ్చు మరింత త్వరగా కడుతుంది. యూరప్ కంపెనీలు తమ ప్రాంతపు కఠిన జలాన్ని దృష్టిలో పెట్టుకునే ఫాస్ఫేట్లు వద్దని సిలికేట్ల వైపు వెళ్లాయి. కాబట్టి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలే వాడండి. రెండు లీటర్లు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవడం మంచిది. నడిరోడ్డు మీద ఆపద వచ్చి ఏవో నీళ్లు పోయక తప్పనప్పుడు పోయండి, కానీ ఇంటికి చేరిన వారంలోపు అంతా కడిగి కొత్తది నింపండి.

రంగును చూసి కూలెంట్ రకం నిర్ణయించకండి. రంగుకు ప్రమాణం ఏదీ లేదు, ఒక కంపెనీ ఎరుపు మరొక కంపెనీ ఎరుపు ఒకటి కాకపోవచ్చు. పాత తరహా కూలెంట్ రెండేళ్లకు, సేంద్రియ ఆమ్లాల ఆధారంగా తయారైనది సాధారణంగా నాలుగైదేళ్లకు మార్చాలి. కచ్చితమైన గడువు యజమాని పుస్తకంలో ఉంటుంది. వేర్వేరు రకాలు కలిపితే నిరోధకాలు ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి, కొన్ని కలయికల్లో జిగురు లాంటి గసి కట్టి సన్న గొట్టాలను మూసేస్తుంది. పాత యజమాని ఏం పోశారో తెలియని కారు కొన్నప్పుడు ఊహించడం కంటే పూర్తిగా కడిగి కొత్తగా నింపడమే మేలు.

రేడియేటర్ బయటి శుభ్రత

ఏడాదికి రెండుసార్లు, ఒకసారి వేసవికి ముందు, మరొకసారి వర్షాలు వెనకబట్టాక, ఈ పని పెట్టుకోండి. సముద్రం ఒడ్డున ఉండేవారు, గాజువాక, పోర్టు రోడ్ల వైపు రోజూ తిరిగేవారు నెలకోసారి చేసినా ఎక్కువ కాదు. పోర్టు వైపు గాలిలో ఉండే బొగ్గు, ఖనిజపు ధూళి ఉప్పు తేమతో కలిసి రెక్కల మధ్య ముద్దలా అంటుకుంటుంది. ముందు గ్రిల్ నుంచి కనిపించేది రేడియేటర్ కాదు, ఏసీ కండెన్సర్. రేడియేటర్ దాని వెనుక ఉంటుంది. ఆ రెండింటి సందులో ఆకులు, పురుగులు, ప్లాస్టిక్ ముక్కలు చేరి గాలిని అడ్డుకుంటాయి. టార్చి వేసి ఆ సందులోకి చూడటం మరువకండి.

చల్లని ఇంజిన్ మీద, మామూలు తోట గొట్టంతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా నీళ్లు పట్టండి. మురికి వచ్చిన దారినే తిరిగి పోవాలి. వాటర్ సర్వీసింగ్ చేసే చోట అధిక పీడనపు తుపాకీని రెక్కలకు దగ్గరగా పట్టనివ్వకండి, చేతి గోటితో నొక్కినా వంగిపోయేంత సన్నటివి అవి. ఫ్యూజు పెట్టె, ఆల్టర్నేటర్, విద్యుత్ కనెక్టర్ల మీద నీళ్లు పడకుండా కవరు కప్పండి. జిడ్డు ఉంటే తేలికపాటి షాంపూ నీళ్లు చల్లి పది నిమిషాల తర్వాత కడగవచ్చు, ఇక్కడ మున్సిపల్ కుళాయి నీళ్లు పరవాలేదు. వంగిన రెక్కలను సన్నని చెక్క పుల్లతో మెల్లగా నిటారు చేయండి. ముట్టుకుంటేనే రెక్కలు పొడిపొడిగా రాలిపోతున్నాయంటే ఆ రేడియేటర్ ఆయుష్షు తీరింది, కడగడం వల్ల ప్రయోజనం లేదు.

కూలెంట్ మార్చే విధానం

కావలసినవి: సరిపడా కూలెంట్, పది లీటర్ల డిస్టిల్డ్ వాటర్, వెడల్పాటి తొట్టి, గరాటు, చేతి తొడుగులు, క్లిప్పులకు సరిపడే పటకారు, కొలత గీతలున్న పాత్ర. చిన్న కార్లలో మొత్తం సామర్థ్యం సాధారణంగా నాలుగు నుంచి ఆరు లీటర్లు ఉంటుంది, మీ కారు అంకెను పుస్తకంలో చూసి కాగితం మీద రాసుకోండి. లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి మెట్టుగా, పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద హీటర్ మీటను గరిష్ఠ వేడికి తిప్పండి. కొన్ని కార్లలో అప్పుడే హీటర్ కోర్‌లోని పాత కూలెంట్‌కు దారి తెరుచుకుంటుంది. మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ బిరడాను నెమ్మదిగా వదులు చేయండి. ఆ బిరడా ప్లాస్టిక్‌ది, బలవంతం చేస్తే విరుగుతుంది. బిరడా లేని కార్లలో కింది గొట్టం క్లిప్పు వదులు చేసి కార్చాలి. తొట్టిలోకి వచ్చిన ద్రవాన్ని పారబోయకుండా కొలవండి. ఐదు లీటర్ల వ్యవస్థ నుంచి మూడు లీటర్లే వచ్చిందంటే, మిగిలినది ఇంజిన్ బ్లాకులో నిలిచిపోయిందని, లేదా ముందు నుంచే తక్కువగా ఉందని అర్థం.

రెండో మెట్టు కడగడం. బిరడా మూసి, డిస్టిల్డ్ వాటర్ నింపి, ఇంజిన్ స్టార్టు చేసి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపండి. పైగొట్టం ఒక్కసారిగా వేడెక్కడం, కాసేపటికి ఫ్యాన్ తిరగడం దానికి గుర్తులు. ఆపి పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ కార్చండి. వచ్చే నీరు తేటగా ఉండేదాకా దీన్ని రెండు, అవసరమైతే మూడుసార్లు చేయాలి. ఈ పని ఒక పూటలో తెమలదు, మధ్యలో చల్లారడానికే గంటలు పడుతుంది. తొందరపడి వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది, కనుక ఆదివారం ఉదయాన్నే మొదలుపెట్టి సాయంత్రానికి ముగించేలా చూసుకోండి. తీవ్రంగా తుప్పు పట్టిన పాత రేడియేటర్‌కు ఘాటైన క్లీనింగ్ రసాయనాలు వాడటాన్ని నేను సమర్థించను. ఆ పెచ్చు ఊడిన చోటే కొత్త రంధ్రాలు బయటపడిన ఇంజిన్లను చూశాను.

మూడో మెట్టులో చాలామంది లెక్క తప్పుతారు. కడిగిన తర్వాత ఎంత కార్చినా బ్లాకులో లీటరో లీటరున్నరో నీళ్లు మిగిలే ఉంటాయి. అప్పుడు సగం సగం కలిపిన మిశ్రమం పోస్తే, లోపలి నీళ్లతో కలిసి పలుచనైపోతుంది. కాబట్టి మొత్తం సామర్థ్యంలో సరిగ్గా సగం ముడి కూలెంట్‌ను, ఐదు లీటర్ల వ్యవస్థ అయితే రెండున్నర లీటర్లను, ముందుగా పోయండి. ఆ తర్వాత నిండేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. అప్పుడు పాళ్లు వాటంతట అవే కుదురుతాయి.

నాలుగో మెట్టు గాలి తీయడం. సన్నటి ధారగా, తొందర లేకుండా పోస్తే గాలి తక్కువ చిక్కుకుంటుంది. కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా, ఏటవాలు దారి మీద నిలిపితే గాలి బుడగలు నింపే మూతి వైపుకే వస్తాయి. మన ఊళ్లో అలాంటి ఏటవాలు వీధికి కొదవ లేదు, కాకపోతే హ్యాండ్‌బ్రేక్ వేసి వెనుక చక్రాల కింద రాళ్లు తప్పక పెట్టండి. కొన్ని ఇంజిన్లకు థర్మోస్టాట్ దగ్గర గాలి తీసే మర ఉంటుంది, బుడగలు ఆగి ధార వచ్చేదాకా దాన్ని వదులుగా ఉంచాలి. పైగొట్టాన్ని కొన్నిసార్లు నొక్కి వదలండి. మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్టు చేసి, మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ, కూలెంట్ వేడెక్కి పొంగడానికి ముందే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్‌ను నడవనివ్వండి. హీటర్ నుంచి వేడి గాలి నిలకడగా రావాలి. వేడి గాలి వచ్చి పోతూ ఉంటే, డాష్‌బోర్డు వెనుక సెలయేరు పారుతున్నట్టు చప్పుడు వినిపిస్తే లోపల ఇంకా గాలి ఉన్నట్టే.

మర్నాడు ఉదయం మట్టం చూసి తక్కువైతే అదే పాళ్లలో కలిపినది పోయండి. మొదటి వారం రోజూ చూస్తూ ఉండాలి.

కార్చిన పాత కూలెంట్‌ను వీధి కాలువలో పోయవద్దు. మన కాలువలు గెడ్డల్లో, గెడ్డలు సముద్రంలో కలుస్తాయి. గట్టి మూతగల డబ్బాలో పోసి, పేరు రాసి, వాడిన ఆయిల్‌ను సేకరించే సర్వీసు సెంటర్‌కు అప్పగించండి.

భాగాలను పరీక్షించడం

థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే విప్పి ఇంట్లోనే పరీక్షించవచ్చు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటర్ ఉంచి వేడి చేయండి. దాని మీద ముద్రించిన అంకెకు దగ్గరగా తెరవడం మొదలుపెట్టి, మరో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి, చల్లారుతుంటే మూసుకోవాలి. మరుగుతున్న నీళ్లలోనూ తెరవకపోతే పారేయండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త రబ్బరు రింగు వాడాలి.

వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు చెప్పడానికే దాన్ని పెట్టారు. అక్కడ నుంచి కూలెంట్ కారుతుంటే రంధ్రాన్ని మూయడం పరిష్కారం కాదు, పంపు మార్చాలి. కొన్ని ఇంజిన్లలో పంపును టైమింగ్ బెల్టు తిప్పుతుంది, అలాంటప్పుడు బెల్టు మార్చే రోజునే పంపునూ మార్పిస్తే కూలి ఒక్కసారే పడుతుంది. నేటి రేడియేటర్లకు పక్కనుండే ప్లాస్టిక్ తొట్లు వయసుతో పెళుసుబారి, అల్యూమినియంతో కలిసే అంచున పగులుతాయి. ఏదైనా గమ్ పూసి గడుపుకొందామనుకోకండి, ఘాట్ మీద పీడనానికి అది నిలవదు. హోస్ పైపులను ఐదేళ్లు దాటాక పైకి బాగున్నా మార్చడం మంచిది. విడి భాగాలన్నీ ఆటోనగర్‌లో దొరుకుతాయి, పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి పోల్చి కొనండి. మూత కొనేటప్పుడు దాని మీది అంకె పాతదానితో సరిపోవాలి. ఎక్కువ అంకె వేస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు, గొట్టాలు పగులుతాయి.

ఎక్కడా చుక్క కనిపించకుండా కూలెంట్ మాయమవుతుంటే, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే, ఇంజిన్ వెచ్చబడ్డాక కూడా పొగగొట్టం నుంచి తియ్యటి తెల్లపొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను శంకించాలి. ఇంజిన్ విప్పకుండానే తేల్చే పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఒక నీలి ద్రవం గుండా పీలుస్తారు, దహన వాయువు ఉంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. హెడ్ విప్పాలని మెకానిక్ చెప్పినప్పుడు, ముందు ఈ పరీక్ష చేయమని అడగండి.

దారిలో ముల్లు పైకి లేస్తే

టెంపరేచర్ ముల్లు మామూలు స్థానం దాటగానే ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్‌ను గరిష్ఠ వేడిలో, గరిష్ఠ ఫ్యాన్‌తో తిప్పండి. ఉక్కగా ఉంటుంది గానీ హీటర్ కోర్ చిన్న రేడియేటర్‌లా పనిచేసి కొంత వేడిని లాగేస్తుంది. ఘాట్ ఎక్కుతున్నప్పుడు పై గేరులో ఇంజిన్‌ను మూలిగించకుండా కింది గేరులో నడిపితే పంపు వేగంగా తిరిగి కూలెంట్ ప్రవాహం పెరుగుతుంది. ముల్లు ఎర్రగీతకు చేరినా, ఆవిరి కనిపించినా, హెచ్చరిక దీపం వెలిగినా సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ కట్టేయండి. 'ఇంకో రెండు కిలోమీటర్లే కదా' అనుకున్న దూరంలోనే హెడ్ వంగుతుంది. ఇంజిన్ మీద చల్లటి నీళ్లు చల్లకండి. బానెట్ తెరిచి, దూరంగా నిలబడి, గంట ఆగండి.

కాసేపు పైకి లేచిన ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషించకండి. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలి తక్కువ వేడి చూపుతుంది. అప్పుడు ఇంజిన్‌ను వెంటనే ఆపాలి.

ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడుతుంటే లోపం ఫ్యాన్‌లోనో, దాని ఫ్యూజులోనో, రిలేలోనో ఉంటుంది. అందుకు విరుద్ధంగా, ఊళ్లో బాగుండి హైవే మీద, ఘాట్‌లో వేడెక్కితే రేడియేటర్ పూడిపోయిందని, లేదా థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందని, లేదా పంపు బలహీనపడిందని భావించాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు 'వేడెక్కుతోంది' అని మాత్రమే చెప్పకుండా ఎప్పుడు, ఎంత వేగంలో, ఏసీతోనా ఏసీ లేకుండానా అన్నది చెబితే ఆయన వెతుకులాట సగం తగ్గుతుంది.

నవంబరులో అరకు, లంబసింగి ప్రయాణాలు మొదలయ్యే ముందు నేను మూత రబ్బరు, క్లిప్పులు, బెల్టు బిగువు, ఫ్యాన్ మరోసారి చూస్తాను. డిక్కీలో సగం సగం కలిపిన రెండు లీటర్ల కూలెంట్, రెండు కొత్త క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాను. కూలెంట్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, వాడిన రకం పేరు రాసిన చిన్న కాగితాన్ని బానెట్ లోపలి వైపు అంటించి ఉంచాను. తరువాత ఎవరు బానెట్ తెరిచినా, ఏం పోయాలో వారికి అక్కడే కనిపిస్తుంది.